మమ్మల్ని అడిగారా అని నిలదీసిన రైతు నాయకుడు

క్రొయేషియాకు వచ్చిన కొత్తలో నాకు ఇక్కడి మనుషుల కంటే ముందు ఇక్కడి నోట్లు పరిచయమయ్యాయి. అప్పటికి ఈ దేశంలో యూరో ఇంకా రాలేదు. కూనలు నడిచేవి. ఏటీఎంలో డబ్బు తీస్తే గోధుమ రంగు 200 కూనల నోట్లు చేతికొచ్చేవి. దాని మీద మీసాలతో ఒక పెద్దాయన బొమ్మ. మన నోట్ల మీద గాంధీగారు ఒక్కరే ఉన్నట్టు ఇక్కడ ఉండేది కాదు. ఒక్కో నోటు మీద ఒక్కొక్కరు. ఒకరు కవి, ఇంకొకరు సేనాని. మరి ఈయన ఎవరో నాకు తెలియలేదు.

ఒకసారి అద్దె కడుతూ మా ఇంటి ఓనరమ్మను అడిగాను. ఆవిడ నోట్లు లెక్కపెట్టడం ఆపింది. మా రైతుల నాయకుడు, పార్లమెంటు సభలోనే కాల్చారు అని చెప్పి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. సభలో కాల్చడమేమిటి, ఎవరు కాల్చారు అని నేను అడిగితే, తోటి సభ్యుడే అంది. ఆ మాట నన్ను వదల్లేదు. ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఆయన గురించి చదివాను. ఆయన ఇంటిపేరున్న వీధిలో నడిచాను. ఇక్కడి స్నేహితులతో వాదించాను. పని కోసమో, చదువు కోసమో మనవాళ్లు ఈ దేశానికి ఈ మధ్య ఎక్కువగానే వస్తున్నారు. వాళ్లకు ఈ పెద్దాయన కథ తెలియాలనిపించి రాస్తున్నాను. ఆయన పేరు స్త్యెపాన్ రాదిచ్.

సావా నది ఒడ్డున

రాదిచ్ 1871 జూన్ 11న పుట్టారు. ఊరు ట్రెబార్యెవో దెస్నో. సిసాక్ పట్టణానికి దగ్గర్లో, సావా నది పక్కన ఉండే పల్లె. పేద రైతు కుటుంబం, పదకొండు మంది పిల్లలు. వాళ్లలో ఈయన తొమ్మిదోవారు. చిన్నప్పటి నుంచీ చూపు బాగా తక్కువ. పుస్తకాన్ని ముఖానికి ఆనించుకుని చదవాల్సిన పిల్లవాడు పొలం పనికి ఎంతవరకు పనికొస్తాడో ఊరివాళ్లకు తెలుసు. చదువే దిక్కయింది.

ఆ కాలం క్రొయేషియా గురించి రెండు మాటలు చెప్పాలి. అప్పట్లో అది స్వతంత్ర దేశం కాదు. ఆస్ట్రియా హంగరీ సామ్రాజ్యంలో, హంగరీ కిరీటం కింద ఉండేది. 1868లో కుదిరిన ఒడంబడిక ప్రకారం జాగ్రెబ్‌లో సాబోర్ అనే సొంత శాసనసభ ఉన్నా, బాన్ అని పిలిచే ప్రాంత పాలకుణ్ణి నియమించడంలో బుడాపెస్ట్‌దే పైచేయి. ఊళ్లలో 1848 దాకా రైతు జమీందారు కింద వెట్టివాడు. వెట్టి పోయింది కానీ చేతికి మిగిలింది చిన్న కమతాలు, పెద్ద పన్నులు. అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు కలిసి సాగు చేసుకునే ఉమ్మడి కుటుంబాలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. జనంలో ఎక్కువమంది రైతులే అయినా వాళ్లలో ఓటున్నవాళ్లు చాలా తక్కువ. ఎంత పన్ను కడితే అంత హక్కు అన్న పద్ధతి అది.

ఈ ఇంట్లో స్త్యెపాన్ కంటే మూడేళ్లు పెద్దవాడైన అన్న ఆంతున్ కూడా చదువుకున్నాడు. తర్వాతి కాలంలో ఆంతున్ పల్లె జనం ఆచారాలు, బతుకు తీరు సేకరించి రాసిన పెద్ద పండితుడయ్యాడు. పల్లెవాళ్లు అజ్ఞానులని పట్నంవాళ్లు అనుకునే రోజుల్లో, వాళ్లకూ ఒక సంస్కృతి ఉందని, దేశమంటే వాళ్లేనని నమ్మినవాడు. అన్న ఆలోచించేవాడు, తమ్ముడు ఊరూరా తిరిగి చెప్పేవాడు. నాకు తెలిసి క్రొయేషియా రాజకీయాల్లో ఇంత చక్కగా పని పంచుకున్న అన్నదమ్ములు మరొకరు లేరు.

జెండా కాలింది, చదువు ఆగింది

స్త్యెపాన్ నోరు మాత్రం ఊరుకునేది కాదు. జాగ్రెబ్ హైస్కూలు నుంచి పంపేస్తే కార్లోవాట్స్‌లో చదువు పూర్తి చేశారు. 1891లో జాగ్రెబ్ విశ్వవిద్యాలయంలో లా చేరారు. అప్పుడు బాన్‌గా ఉన్నవాడు ఖువెన్ హెదెర్వారి. 1883 నుంచి 1903 దాకా ఇరవై ఏళ్లు హంగరీ మాటే వేదంగా పాలించాడు. 1893లో సిసాక్‌లో జరిగిన ఒక ఉత్సవంలో అతన్ని బహిరంగంగా దుయ్యబట్టినందుకు రాదిచ్‌కు నాలుగు నెలల జైలు పడింది. ఇరవై రెండేళ్ల వయసులో అది మొదటి జైలు. బయటికొచ్చి ప్రాగ్‌లో చేరితే అక్కడి నుంచీ పంపేశారు.

1895 అక్టోబరులో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ జాగ్రెబ్ వచ్చారు. ఊరంతా తోరణాలు కట్టారు. అక్టోబరు 16న విద్యార్థులు బారులు తీరి నగరం నడిబొడ్డున ఉన్న బాన్ యెలాచిచ్ కూడలికి చేరి, అక్కడ హంగరీ జెండాను తగలబెట్టారు. ముందు నడిచినవాళ్లలో రాదిచ్ ఒకరు. ఆయనకు ఆరు నెలల శిక్ష వేశారు. సామ్రాజ్యంలోని విశ్వవిద్యాలయాల తలుపులన్నీ మూసుకుపోయాయి.

ఇక్కడే మనలాంటి పరాయి దేశపు బతుకు ఆయనకూ మొదలైంది. మాస్కో వెళ్లారు. అక్కడి నుంచి పారిస్. ఫ్రెంచి భాషలో చదివి 1899లో అక్కడి రాజనీతి శాస్త్ర కళాశాలలో పట్టా తీసుకున్నారు. సావా ఒడ్డు పల్లె నుంచి, సరిగ్గా కళ్లు కనిపించని కుర్రాడు అంతదూరం వెళ్లి, చేతికొచ్చిన పట్టాతో పెద్ద ఉద్యోగం వెతుక్కోకుండా వెనక్కి రావడం నాకు ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

ఆ తిరుగుళ్లలోనే ప్రాగ్‌లో మారియా అనే చెక్ ఉపాధ్యాయిని పరిచయమైంది. జైళ్లు, బహిష్కరణల మధ్య ఉత్తరాలతో నడిచిన ప్రేమ అది. 1898లో పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు. రాజకీయం ఇంటికి జీతం తెచ్చేది కాదు. అందుకే తర్వాతి కాలంలో ఆ కుటుంబం జాగ్రెబ్‌లో ఒక పుస్తకాల దుకాణం పెట్టుకుంది. ఆయన జైల్లో ఉంటే దుకాణం, పిల్లలు రెండూ ఆవిడే చూసుకునేది. ఆయన మీద వచ్చిన పుస్తకాల్లో ఆవిడకు దక్కిన పేజీలు తక్కువే. లెక్క చూస్తే ఆ పార్టీని నిలబెట్టినవాళ్లలో ఆవిడ కూడా ఒకరు.

పట్నం పార్టీల మధ్య పల్లె పార్టీ

1904 డిసెంబరులో అన్నదమ్ములిద్దరూ కలిసి క్రొయేషియా ప్రజా రైతు పార్టీ పెట్టారు. అప్పటి దాకా ఇక్కడి పార్టీలన్నీ వకీళ్లవి, ప్రొఫెసర్లవి, మతగురువులవి. రైతు పేరు వాటి ప్రకటనల్లో ఉండేది కానీ రైతు వాటిలో లేడు. వీళ్ల పార్టీ మాత్రం ఊరి చావడిలో, సంతలో, చర్చి బయట పుట్టింది. అన్న నడిపిన దోమ్ పత్రిక, అంటే ఇల్లు అని అర్థం, రైతుకు అర్థమయ్యే భాషలో వచ్చేది. ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక పంచాంగం లాంటి పుస్తకం వేసేవాళ్లు. అందులో పార్టీ మాటలు కూడా ఉండేవి.

రాదిచ్ భక్తిపరుడే. కానీ చర్చి అధికారులు రాజకీయం నడపడాన్ని ఒప్పుకోలేదు. దేవుణ్ణి స్తుతించి, వెంటనే రాజకీయ గురువుల మీద విరుచుకుపడే నాయకుణ్ణి ఆ ఊళ్లవాళ్లు అంతకుముందు చూడలేదు. గంటల తరబడి మాట్లాడేవారు. కాగితం చూసి చదవడానికి కళ్లు సహకరించవు. అందుకే అంతా జ్ఞాపకం నుంచే.

ఇంత తిరిగినా ఫలితం చాలాకాలం స్వల్పమే. 1908లో తొలిసారి సాబోర్‌లో అడుగుపెట్టారు. 1910లో ఓటు హక్కు కొంత పెంచితే పార్టీకి 9 సీట్లు వచ్చాయి. 1913లో 3కు పడిపోయాయి. అభిమానించేవాడికి ఓటు లేదు, ఓటున్నవాడు అభిమానించడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా అదే పరిస్థితి. ఇంకో సంగతి దాచకూడదు. యుద్ధం చివరి దాకా ఆయన స్వతంత్ర దేశం అడగలేదు. హాబ్స్‌బర్గ్ రాజ్యంలోనే క్రొయేషియాకు సమాన హోదా వస్తుందని ఆశపడ్డారు. ఆ రాజ్యమే కూలిపోయాక ఆలోచన మారింది.

1918 నవంబరు రాత్రి

యుద్ధంలో ఆస్ట్రియా హంగరీ ఓడింది. 1918 అక్టోబరు 29న సాబోర్ ఆ సామ్రాజ్యంతో బంధం తెంచుకుంది. జాగ్రెబ్‌లో ఒక జాతీయ మండలి అధికారం చేపట్టింది. అడ్రియాటిక్ తీరంలో ఇటలీ సైన్యం ముందుకొస్తోంది. పల్లెల్లో సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు తిరుగుతున్నారు. వెంటనే సెర్బియా రాజ్యంతో కలిసిపోతే తప్ప రక్షణ లేదని మండలిలో ఎక్కువమంది అనుకున్నారు. వాళ్ల భయం అబద్ధం కాదు. సెర్బియా కూడా ఆ యుద్ధంలో భయంకరంగా నష్టపోయి గెలిచిన దేశం. తమ రక్తంతో వచ్చిన విజయమని వాళ్లకు అనిపించడంలో వింత లేదు.

నవంబరు 24 రాత్రి జరిగిన ఆ సమావేశంలో రాదిచ్ లేచి అడ్డుపడ్డారు. మంచులో దారి కనిపించకపోయినా పరిగెత్తే బాతుల్లా వెళ్లొద్దని హెచ్చరించారు. ఆ పోలిక ఇక్కడ ఇప్పటికీ బడిపిల్లలకు కూడా తెలుసు. ఆయన వాదనలో కలవడం మీద అభ్యంతరం లేదు. ఎలా కలుస్తున్నారన్నదే ప్రశ్న. ఏ షరతుల మీద, ఎవరి అనుమతితో అని అడిగారు. సాబోర్ ఓటు వేయలేదు, జనాన్ని అడగలేదు, కొద్దిమంది పెద్దమనుషులు రాత్రికి రాత్రి నిర్ణయిస్తే ఊళ్లలో ఉన్న రైతు దాన్ని తన రాజ్యమని ఎందుకనుకుంటాడు అన్నది ఆయన ప్రశ్న.

ఎవరూ వినలేదు. ప్రతినిధి బృందం బెల్‌గ్రేడ్ వెళ్లింది. డిసెంబరు 1న యువరాజు అలెగ్జాండర్ సెర్బులు, క్రొయాట్లు, స్లోవేనుల రాజ్యాన్ని ప్రకటించారు. విలీనాలు, ఒప్పందాలు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమాలు చూసిన మన తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. రెండు వైపులా మంచివాళ్లే ఉన్నా అడగకుండా చేసిన పని తర్వాత ఎంత కాలం వెంటాడుతుందో మనకు తెలుసు.

జైలు నుంచి యాభై సీట్లు

రాదిచ్ ఊరుకోలేదు. పారిస్ శాంతి సమావేశానికి ఒక విన్నపం రాసి, క్రొయేషియాకు తన భవిష్యత్తు తానే తేల్చుకునే హక్కు ఇవ్వమని కోరుతూ ఊరూరా సంతకాలు సేకరించారు. లక్షకు పైగా వచ్చాయి. 1919 మార్చిలో అరెస్టు చేసి దాదాపు ఏడాది జైల్లో ఉంచారు. ఆ అరెస్టుకు కొద్ది వారాల ముందే, ఫిబ్రవరిలో అన్న ఆంతున్ చనిపోయాడు. 1920 ఫిబ్రవరి చివర్లో వదిలి, నెల తిరక్కుండా మళ్లీ పట్టుకెళ్లారు.

ఆ ఏడాది సెప్టెంబరులో ఇంకొకటి జరిగింది. సైన్యానికి అవసరమైనప్పుడు తీసుకోవడానికి వీలుగా రైతుల బండి గుర్రాలకు, ఎడ్లకు వాతలు వేసి నమోదు చేయాలని కొత్త ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. యుద్ధంలో అప్పటికే కొడుకుల్ని, పశువుల్ని పోగొట్టుకున్న రైతుకు అది పుండు మీద కారం. ఉత్తర క్రొయేషియాలో ఊళ్లకు ఊళ్లే తిరగబడ్డాయి. ప్రభుత్వం బలగాలతో అణచివేసింది. బెల్‌గ్రేడ్‌లో కూర్చున్న అధికారికి అది మామూలు లెక్కల వ్యవహారం. రైతుకు మాత్రం తన ఇంటి ఎద్దు మీద పరాయి ముద్ర.

1920 నవంబరు 28న రాజ్యాంగ సభ ఎన్నికలు జరిగాయి. మగవాళ్లందరికీ ఓటు వచ్చింది. ఏ రైతుకు ఇన్నాళ్లూ ఓటు లేదో ఆ రైతు తొలిసారి ఓటు పెట్టె దగ్గరికి వచ్చాడు. నాయకుడు జైల్లో ఉన్న పార్టీకి 50 సీట్లు వచ్చాయి. 1913లో మూడు సీట్ల పార్టీ అది. ఎన్నికల రోజునే ఆయన్ని వదిలేశారు. డిసెంబరులో జాగ్రెబ్ శివార్లలో జరిగిన భారీ సభలో పార్టీ పేరులో రిపబ్లికన్ అన్న మాట చేర్చారు. రాజు వద్దు, రైతుల గణతంత్రం కావాలని దాని అర్థం.

వెళ్లకపోవడం తప్పా?

ఇక్కడి నుంచి ఆయన జీవితంలో నేను ఎక్కువగా వాదించుకునే భాగం మొదలవుతుంది. యాభై మంది సభ్యులు ఉన్నా రాదిచ్ వాళ్లను బెల్‌గ్రేడ్ పంపలేదు. మమ్మల్ని అడగకుండా పుట్టిన రాజ్యం సభలో కూర్చుంటే ఒప్పుకున్నట్టే అన్నది ఆయన లెక్క. 1921 జూన్ 28న రాజ్యాంగం ఆమోదం పొందింది. మొత్తం 419 మంది సభ్యుల్లో 223 మంది అనుకూలంగా, 35 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మిగతావాళ్లు ఓటింగులోనే లేరు. అధికారమంతా రాజధానిలో కేంద్రీకరించే రాజ్యాంగం అది. రాదిచ్ మనుషులు సభలో ఉండి ఉంటే, చిన్న పార్టీలను కూడగట్టి లెక్క మార్చగలిగేవాళ్లా అన్నది ఇక్కడి చరిత్రకారులు ఇప్పటికీ తేల్చని విషయం. మార్చలేకపోయినా కనీసం బేరమాడేవాళ్లు కదా అని నాకనిపిస్తుంది. మా ఆఫీసులోని స్థానిక మిత్రుడు ఒప్పుకోడు. సభలోకి వెళ్తే ఏమవుతుందో తర్వాత చూశాం కదా అంటాడు.

జనం మాత్రం ఆయన వైపే నిలబడ్డారు. 1923 మార్చి ఎన్నికల్లో 70 సీట్లు వచ్చాయి. దేశంలో రెండో పెద్ద పార్టీ అయింది. అయినా దారి తెరుచుకోలేదు. ఆ వేసవిలో రాదిచ్ రహస్యంగా దేశం దాటి వియన్నా, లండన్ తిరిగారు. ఒక్క దేశమూ పట్టించుకోలేదు. పెద్ద దేశాలకు పెద్ద యుగోస్లావ్ రాజ్యం కావాలి కానీ దానిలోని రైతుల గొడవ అక్కర్లేదు. 1924లో మాస్కో వెళ్లి, కమ్యూనిస్టులు నడిపే రైతుల అంతర్జాతీయ సంఘంలో పార్టీని చేర్చారు. ఆయన కమ్యూనిస్టు కాదు. సొంత భూమి మీద రైతు హక్కును నమ్మే మనిషి. ఎటూ తలుపు తెరుచుకోక తట్టిన తలుపు అది. కానీ చేతికొచ్చింది చట్టబద్ధమైన సాకు, అదీ ప్రత్యర్థుల చేతికి. కమ్యూనిస్టుల మీద వాడే చట్టాన్నే ఏడాది చివర్లో ఆయన పార్టీ మీద వాడారు. 1925 జనవరి 5న జాగ్రెబ్‌లోని తన ఇంట్లోనే దాక్కున్న రాదిచ్‌ను పోలీసులు వెతికి పట్టుకున్నారు. పార్టీ నాయకులంతా లోపలికి వెళ్లారు. ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగితే మళ్లీ 67 సీట్లు వచ్చాయి.

రాజు ముందు తల వంచిన రిపబ్లికన్

అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. 1925 మార్చి 27న బెల్‌గ్రేడ్ పార్లమెంటులో ఆయన అన్న కొడుకు వరసయ్యే పావ్లె రాదిచ్ లేచి, మా పార్టీ రాజును, రాజవంశాన్ని, రాజ్యాంగాన్ని గుర్తిస్తోందని ప్రకటించారు. పార్టీ పేరులోంచి రిపబ్లికన్ పోయింది. ఏళ్ల తరబడి తిట్టిన నికోలా పాషిచ్ పార్టీతోనే జూలైలో ప్రభుత్వం కలిపారు. రాదిచ్ జైలు నుంచి బయటికొచ్చారు. నవంబరులో విద్యాశాఖ మంత్రి అయ్యారు.

పదవి కోసం మాట మార్చాడని తిట్టినవాళ్లున్నారు. కొందరు పార్టీ వదిలి వెళ్లారు కూడా. నాకు అలా అనిపించదు. ఎన్ని సీట్లు గెలిచినా బయట నిలబడితే రైతుకు పన్ను తగ్గదు, బడి రాదు. లోపలికి వెళ్లి ప్రయత్నిద్దామనుకున్నారు. అయితే ఆయన నోరు మంత్రి పదవిలోనూ ఆగలేదు. సభల్లో తోటి మంత్రుల మీదే విమర్శలు చేసేవారు. 1926 ఏప్రిల్‌లో మంత్రి పదవి పోయింది. కొద్ది నెలలకే కూటమి కూడా చెదిరింది. ఆయనలోని లోపమూ గుణమూ ఒకటే. మనసులో ఉన్నది ఆ క్షణానే బయటికి వచ్చేసేది. నిన్న చెప్పినదానికి ఇవాళ్టిది పొసగకపోయినా పట్టించుకునేవారు కాదు.

1927 నవంబరులో ఆయన చేసిన పని మాత్రం నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. స్వెతోజార్ ప్రిబిచెవిచ్ క్రొయేషియాలోని సెర్బుల నాయకుడు. 1918లో వెంటనే కలిసిపోవాలని అందరికంటే గట్టిగా పట్టుబట్టినవాడు. రాదిచ్ జైలుకు వెళ్లిన రోజుల్లో హోంమంత్రి. అలాంటి మనిషికి కూడా కేంద్రీకరణ తన జనానికీ మేలు చేయలేదని అర్థమైంది. రాదిచ్ ఆయనతో చేతులు కలిపి కూటమి కట్టారు. క్రొయాట్ రైతు, సెర్బ్ రైతు ఒకే పన్ను కడుతున్నప్పుడు ఒకే వైపు నిలబడటంలో తప్పేముందన్నది ఆ కూటమి సారాంశం. పాత పగ మింగి ఆ స్నేహం చేయడం మాటలు కాదు.

1928 జూన్ 20

ఆ కూటమి బెల్‌గ్రేడ్‌ను కలవరపెట్టింది. 1928 వేసవికి పార్లమెంటు సభ రోజూ కేకలతో, తిట్లతో నడుస్తోంది. రాదిచ్ మాటలూ తక్కువ పదునైనవి కావు. పత్రికల్లో ఆయన్ని చంపాలన్న రాతలు కూడా వచ్చాయి. జూన్ 20న సభకు రావొద్దని సహచరులు చెప్పారు. ఆయన వచ్చారు, మాట్లాడనని మాత్రం మాటిచ్చారు. ఇచ్చిన మాట ప్రకారం నోరు విప్పకుండా కూర్చున్నారు.

పాలక పక్షానికి చెందిన, మాంటెనెగ్రో ప్రాంతపు సభ్యుడు పునిషా రాచిచ్ ప్రసంగిస్తుండగా రైతు పార్టీ సభ్యుడు ఇవాన్ పెర్నార్ అడ్డు తగిలి, జనాన్ని దోచుకున్నాడని అతనిపై ఆరోపణ చేశాడు. అతన్ని శిక్షించాలని రాచిచ్ పట్టుబట్టాడు. తర్వాత వేదిక మీది నుంచే తుపాకీ తీసి కాల్చాడు. పెర్నార్, ఇవాన్ గ్రాంజా గాయపడ్డారు. జూరో బాసారిచెక్, పావ్లె రాదిచ్ అక్కడే చనిపోయారు. స్త్యెపాన్ రాదిచ్‌కు పొట్టలో తూటా దిగింది.

బెల్‌గ్రేడ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రాజు అలెగ్జాండర్ వచ్చి చూసి వెళ్లారు. జూలైలో ఆయన్ని జాగ్రెబ్ తీసుకొచ్చారు. స్టేషన్ నుంచి దారి పొడవునా జనం. కోలుకుంటారనుకున్నారు. ఆగస్టు 8న సొంత ఇంట్లో కన్నుమూశారు. వయసు 57. అంత్యక్రియలకు పల్లెల నుంచి రైళ్లలో, బళ్లలో, కాలినడకన లక్షల్లో వచ్చారు. మిరొగొయ్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

ఆ తూటా ఎక్కడి దాకా వెళ్లింది

ఆయన చనిపోయిన ఐదు నెలలకు, 1929 జనవరి 6న రాజు రాజ్యాంగాన్ని రద్దు చేసి, పార్లమెంటు మూసేసి, పార్టీలను నిషేధించారు. దేశం పేరు యుగోస్లావియా అయింది. కాల్చిన రాచిచ్‌కు 20 ఏళ్ల శిక్ష పడింది కానీ అతను దాన్ని మామూలు ఖైదీలా అనుభవించలేదు. 1944లో పార్టిజాన్ల చేతిలో చనిపోయాడు.

ఓట్లతో, సభలతో, సంతకాలతో ఏదైనా సాధించవచ్చని ఇరవై నాలుగేళ్లు చెప్పిన మనిషిని పార్లమెంటులోనే చంపాక, ఆ మాట నమ్మమని యువకులకు ఎవరు చెప్పగలరు? ఉస్తాషా అనే తీవ్రవాద ముఠా ఆ ఖాళీలోనే పెరిగింది. 1934 అక్టోబరు 9న ఫ్రాన్సులోని మార్సెయిలో రాజు అలెగ్జాండర్ హత్యకు గురయ్యారు. దాని వెనక వాళ్ల చేయి ఉంది. 1941లో హిట్లర్ అండతో వాళ్లే అధికారంలోకి వచ్చి సెర్బులను, యూదులను, రోమా జనాన్ని వేలకు వేలుగా చంపారు. రాదిచ్ తర్వాత పార్టీని నడిపిన వ్లాద్కో మాచెక్ వాళ్లకు తోడుగా నిలబడనన్నందుకు నిర్బంధంలోకి వెళ్లాడు. అంతకుముందు 1939 ఆగస్టు 26న బెల్‌గ్రేడ్‌తో ఒప్పందం కుదుర్చుకుని, క్రొయేషియాకు సొంత శాసనసభతో స్వయంపాలన సాధించిందీ మాచెకే. రాదిచ్ పోయిన పదకొండేళ్లకు వచ్చింది అది. పొట్టి శ్రీరాములుగారి ప్రాణం పోయాక గానీ ఆంధ్ర రాష్ట్రం రాలేదని మనకు గుర్తుంది. ఇద్దరి మార్గాలు వేరు, దేశాలు వేరు. కానీ మనిషి ఉండగా వినని ప్రభుత్వాలు పోయాక వినడం రెండు చోట్లా ఒకటే. ఇక్కడ అది మరీ ఆలస్యమైంది. రెండేళ్లలో యుద్ధం వచ్చి ఆ ఏర్పాటునూ తుడిచేసింది.

అందుకే ఆయన్ని కేవలం జాతీయవాద వీరుడిగా చూపించేవాళ్లతో నాకు పేచీ. ఆయన ఆఖరి రాజకీయ స్నేహం ఒక సెర్బ్ నాయకుడితో. ఆయన్ని కాల్చింది ఒక సెర్బ్ పార్టీ సభ్యుడన్నది నిజమే, ఆ స్నేహమూ అంతే నిజం. మొదటిది గుర్తుపెట్టుకుని రెండోది మరిచిపోతే సగం రాదిచ్ మాత్రమే మిగులుతారు.

2023 జనవరి 1న క్రొయేషియా యూరోకు మారింది. కూనలు మార్చుకునే గడువులోనే నా దగ్గరున్నవన్నీ బ్యాంకులో ఇచ్చేశాను, ఒక్క 200 నోటు తప్ప. యూరోల్లో దాని విలువ 26 పైచిలుకు. జాగ్రెబ్ వచ్చినవాళ్లను తీసుకెళ్లినప్పుడు, జెండా కాల్చిన యెలాచిచ్ కూడలి నుంచి పైకి ఎక్కే రాళ్ల వీధిలో నడిపిస్తాను. దాని పేరు రాదిచెవా, ఆయనతో పాటు తూటాలకు గురైన పావ్లె రాదిచ్ పేరు మీది వీధి. ఆ దారిన వెళ్తే పాత నగర ద్వారం వస్తుంది, దాన్ని దాటి కాస్త నడిస్తే సాబోర్. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. ఎవరీ రాదిచ్ అని అప్పుడు వాళ్లు అడుగుతారు. నేను ఆగి జేబులోంచి నోటు తీసి చూపిస్తాను, మా ఓనరమ్మ నాకు చెప్పిన మాటతోనే మొదలుపెడతాను.